నట్టు మీది కుంకుమ

1981, శుక్రవారం రాత్రి

బావ ఇంకా రాలేదు.

పాత మిలటరీ ట్రక్కుకి ఈవేళే యాక్సిలు మార్చి, మందపాటి కమాను పట్టీలు వేశాను. బిగించిన ప్రతి నట్టు మీదా ఎర్రరంగు చుక్క పెట్టడం నా పద్ధతి. అది బావకీ తెలుసు. ఎడమవైపువి బిగించకుండానే, పెద్ద పానా కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బండి లేదు.

"అన్నీ ఎర్రగున్నాయి, బిగించీసాడనుకుని కొండ మీద క్వారీకి లోడుకెల్లిపోనాడ్రా మీ బావ" అంది అక్క. "కొత్త సామాను గదా, నానే పూజ సేసి నట్టు నట్టుకీ కుంకుమ బొట్టెట్టీసినాను. ఇంక బయమేటి?"

సైకిలు మీద కొండ మొదలు దాకా వెళ్లొచ్చాను. బండి జాడ లేదు.

అక్క అన్నానికి పిలుస్తోంది. తలెత్తి ఆమె నుదుటి బొట్టు వైపు చూడలేకపోతున్నాను.