నైలాన్ చున్నీ

అమ్మా, నేను కులాసా.

ఈ ఉదయం తల దువ్వుకుంటుంటే నువ్వు పంపిన నైలాన్ చున్నీ జుట్టుకు రాసుకుని చిటపటలాడింది. అదే వేసుకుని పనికి వెళ్లాను. రంగుల్లో కలిపే టోలీన్ డ్రమ్ముల గది గుమ్మంలోనే మా సూపర్‌వైజరు పెద్దక్క ఆపేసింది.

“చున్నీ కాదే తల్లీ, అగ్గిపెట్టె మెడకి చుట్టుకొచ్చావు!”

టోలీన్ ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. చున్నీ బయటే తీయించి, రాపిడికి పుట్టే కరెంటు రవ్వగా ఎగరకుండా డ్రమ్ముకూ డబ్బాకూ రాగితీగ తగిలించాకే మూత తీయనిచ్చింది. ఆమె చేతికింద ఇంతవరకు ఎవరికీ చర్మం కూడా కమలలేదు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఉద్యోగం మానేసి రమ్మని మళ్లీ రాయకు.

నూలు చున్నీలు రెండు పంపు. చెల్లి జ్వరం తగ్గిందా? నాన్నకు నమస్కారాలు.

వచ్చే నెల పెద్దక్క రిటైరవుతోంది. ఆ గది నాకు అప్పగించమని మేనేజరుకు ఆమే చెప్పింది.