మేనత్త మన ఇంటి మనిషే

తాండూరు

అక్కకు చెల్లెలు సుగుణ దండాలు. నువ్వు, బావ, పాప బాగున్నారా? నాయన మోకాలి నొప్పి తగ్గిందా? నేను, మా ఆయన ఇక్కడ బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, ఇల్లంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. నాకేమీ కాలేదు, ఫికర్ పడకు.

పాలిష్ యూనిట్‌లో పని అలవాటైంది. పాలిష్ అయిన బండలు తుడిచి పేర్చడమే. ఎండకు అవి పెనంలా కాలుతున్నాయి. పక్కింటి కన్నడామె జొన్నరొట్టెలు మస్తు చేస్తుంది కానీ, నీ పుంటికూర పచ్చడి లేక ముద్ద దిగదు. సాయంత్రం మన గొర్రెల మంద ఇల్లు చేరే చప్పుడు వినబడదు. అప్పుడు మీరంతా గుర్తొస్తారు.

పోయిన వారం మా బస్తీలో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. నా సంగతి తెలుసు కదా, నలుగురు గుమిగూడిన చోట తల దూర్చాల్సిందే. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది.

"మా ఇంట్ల ఎవ్వలికి లేదమ్మా. మా అక్క అత్తకైతే ఉండె. గామె మాకు మేనత్తనే" అన్నాను.

ఆమె రాయడం ఆపింది. "మేనత్తంటే మీ నాయనకు సొంత చెల్లెలే గద?"

"అవు గని, గామె ఇంటిపేరు వేరు. గా ఇంటి మనిషి గద."

"ఇంటిపేరు మారితే రక్తం మారుతదా?" అని నవ్వింది. పోయేనాటికి మేనత్తకు నలభై కూడా నిండలేదని చెప్పగానే ఆ నవ్వు పోయింది.

నేను ఊరుకుంటానా? "మా నాయన మగమనిషి. ఆయన దిక్కు నుంచి గిదెట్లొస్తది?" అని అడిగాను.

"వస్తది. అందరికీ రాదు గని, మీరు జర ముందుగాల నుంచే చూపించుకోవాలె."

అప్పుడు నాకు నాయన పొట్టేలును కొనే తీరు గుర్తొచ్చింది. దాని తల్లి పాలెట్లిచ్చేదని అడగకుండా కొనడు కదా! గొర్రెల విషయంలో తెలిసింది మన విషయంలో ఎందుకు తట్టలేదో!

నన్ను వికారాబాద్ పంపించారు. అక్కడి మిషన్‌లో రెండు పలకల నడుమ రొమ్ము పెట్టి నొక్కుతారు. నొప్పే, కానీ కాసేపే. అక్కడ అందరూ ఆడవాళ్లే, సిగ్గుపడే పని లేదు. నాకు చూపించమని అడిగితే తెర తిప్పి చూపించారు. నల్లటి దాంట్లో తెల్లగా మబ్బులాగా ఉంది. నాకేమీ లేదట, మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నేను దసరాకు ఊరికి వచ్చినప్పుడు నీ చంకలో ఏదో గట్టిగా తగులుతోందన్నావు. గడ్డిమోపులు ఎత్తీ ఎత్తీ వచ్చిందన్నావు, నొప్పి లేదు కదా అన్నావు. మేనత్త కూడా నొప్పి లేదనే అనేది అక్కా. ఇది అదే అని నేననడం లేదు. డాక్టరమ్మకు చెబితే "చూడకుంట ఏం చెప్పలేను, జల్ది తీస్కరా" అంది. బావకు చెప్పు, దాచకు. పాపకైతే అటు నానమ్మ, ఇటు నీ మేనత్త, మనిషి ఒక్కతే, రెండు దిక్కుల నుంచీ అదే రక్తం. దాన్ని ఇప్పుడే భయపెట్టకు, పెద్దయ్యాక మనమే చెబుదాం.

నాయన మందను విప్పే ముందు ఒక్కో గొర్రె పొదుగూ తడిమి చూస్తాడు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆ పూట అన్నం ముట్టడు. సొంత చెల్లెల్ని మాత్రం ఎలా ఉన్నావని అడగలేకపోయాడు. ఆమె సిగ్గుతో చెప్పలేకపోయింది. నాకు భయంగా ఉంది అక్కా, అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను.

నాయనకు, బావకు నా దండాలు చెప్పు. పాపకు ముద్దులు. నీ దీవెన ఉత్తరంలో రాసి పంపకు. సోమవారం పొద్దున వికారాబాద్ బస్టాండ్‌లో నిలబడి ఉంటాను. బస్సు దిగి నా నెత్తి మీద చెయ్యి పెట్టు.

నీ చెల్లె
సుగుణ