నలభైలో తొమ్మిది

నాచారం, ఆదివారం

అన్నయ్యా,

అవార్డు దరఖాస్తు కోసం, ఈ ఏడాది నీ పరిశోధన పత్రాలను ఎవరెవరు ఉదహరించారో జాబితా రాయమన్నావు. రాశాను. మొత్తం నలభై. అందులో ముప్పై ఒకటి నీ నలుగురు విద్యార్థులవే. వాళ్లలో ఒకరు నీటి ప్రవాహం మీద రాసిన పత్రంలో కృష్ణబిలాల మీద నువ్వు రాసినదాని పేరు ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

జాబితాకు కావలసిన మిగిలిన కాగితాలు ఇవ్వడానికి నిన్న పీర్జాదిగూడ నుంచి వచ్చిన నీ విద్యార్థిని దుర్గాభవానినే అడిగాను. "సార్ పేపర్ మాకేం పనికొస్తది ఆంటీ? ఆయన పేరు రాయకుంటే థీసిస్ మీద సంతకం పెడ్తలేరు. ఎనిమిది నెలల సంది తిరుగుతున్న. దొరికిన లెక్చరర్ కొలువు గూడ పోయేటట్టుంది" అంది.

నీకు ఫోన్ చేస్తే నవ్వావు. "అందరూ చేసేదేనే! పప్పులూ ఉప్పులూ లెక్కపెట్టుకునేదానివి, నీకెందుకే ఫిజిక్సు?" అన్నావు. ఫిజిక్స్ నాకు రాదు. బెదిరించి రాయించుకున్నదేదో తెలుస్తుంది. చుట్టాలందరి దగ్గరా నిన్ను పొగిడిన నోరు కడుక్కోవాలనిపించింది.

ఆ ముప్పై ఒకటీ కొట్టేశాను. మిగతా తొమ్మిదీ, ఎప్పుడో కాగితం పెన్సిలుతో ఒక్కడివే కూర్చుని రాసిన నీ మొదటి పత్రం చదివి, ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసినవి. జాబితాలో అవే ఉంటాయి.

ఇవాళ దుర్గాభవానిని మళ్లీ పిలిపించాను. "భయమైతది ఆంటీ" అంటున్నా వినకుండా, ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. నువ్వు ఇది చదివేసరికి నీ ఎదురుగానే నిలబడి ఉంటుంది. కూర్చోమను. సంతకం చెయ్యి.

నీ చెల్లెలు