బల్ల కింది డబ్బా

మే 4, ఆదివారం
పదో తరగతి ఫలితాల జాబితా వచ్చింది. బడుల వారీగా నలభై మూడు వరసలు. ప్రింట్ తీసి భోజనాల బల్ల మీద పరిచాను. పాప జూన్‌లో ఆరో తరగతిలో చేరాలి. మొదటి వరస: నూటికి నూరు. మా వీధి చివరి బడి ముప్పై ఒకటో వరసలో ఉంది, డెబ్బై ఒక శాతం. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చూసి, పిల్లని బడికి పంపుతున్నావా, గుర్రప్పందేనికా అన్నారు.

మే 7
నంబర్ వన్ బడిలో ఎంట్రన్స్ టెస్ట్. పాప లెక్కల్లో నిదానం. మూడుసార్లు చేస్తేగానీ కూడికను నమ్మదు. ఆఖరి లెక్క దాకా వెళ్లలేదని చెప్పింది.

మే 12, ఉదయం 11
సీటు వచ్చింది. జాబితాలో చివరి నుంచి రెండో పేరు. ఆయన ఆఫీసంతా చెప్పేశారట. అక్క ఫోన్ చేసి, నీ పంట పండిందే అంది. శనివారంలోగా చేర్చాలి.

మే 13
అడ్మిషన్ ఫారం నింపడానికి కూర్చుని, పాప పేరు దగ్గరే ఆపి లేచాను. ఎందుకో తెలియదు.

మే 14
ఫ్యాక్టరీలో వాల్వుల తనిఖీ నా పని. ఇవాళ మూడో లైన్ ట్రేలో ఒక్క రిజెక్ట్ లేదు. అలవాటుగా వంగి బల్ల కింద చూశాను. డబ్బా నిండా గీతలు పడ్డ వాల్వులు. మీ దాకా రాకముందే మేమే ఏరేస్తాం మేడం, మీకెందుకు శ్రమ అన్నాడు ఆపరేటర్. ట్రే సంగతి తర్వాత, ముందు డబ్బా లెక్కపెట్టండని కొత్తవాళ్లకు నేర్పేది నేనే.

ఇంటికొచ్చి ఫలితాలు మళ్లీ తీశాను. నంబర్ వన్ వరసలో శాతం పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో గడి: పరీక్ష రాసినవాళ్లు అరవై ఒక్కరు. విద్యాశాఖ సైట్‌లో వెతికాను. రెండేళ్ల కిందట అదే బడి ఎనిమిదో తరగతిలో నూట పద్దెనిమిది మంది.

మిగతా యాభై ఏడుగురు ఏరి?

పద్నాలుగేళ్ల సర్వీసు. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి బల్ల కింద చూడలేదు.

మే 15
ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. వెనకబడ్డవాళ్లని వేరే బడి చూసుకోమని ముందే సలహా ఇస్తారట. పిల్లల మంచికేనట. ఏడో తరగతి నుంచే గమనిస్తారట.

ఆయన, మన పిల్లని ఎందుకు పంపుతారు అన్నారు. చివరి నుంచి రెండో పేరు అన్నాను. కన్నతల్లివి నువ్వే తక్కువ చేస్తే ఎలా అన్నారు. మాటా మాటా పెరిగింది. తలుపు చాటున పాప ఉందని చూసుకోలేదు.

మే 16, మధ్యాహ్నం 2
సెలవు పెట్టి వీధి చివరి బడికి వెళ్లాను. ఫ్యాన్ చప్పుడు, విరిగిన కుర్చీ. హెడ్మాస్టర్‌ని సూటిగా అడిగాను. పోయిన ఏడాది నంబర్ వన్ నుంచి పందొమ్మిది మంది వచ్చారట. వాళ్లలో ఈసారి పద్నాలుగు మంది పాస్. ఫెయిలైన ఐదుగురి పేర్లూ, ఇప్పుడేం చేస్తున్నారో కూడా చెప్పారు, నేను అడగకుండానే.

గేటు దగ్గర నిలబడి లెక్క కట్టాను. ఈ బడిలో మొత్తం రాసింది తొంభై ఏడు, పాసైంది అరవై తొమ్మిది. ఆ పందొమ్మిదిని తీసేస్తే డెబ్బైన్నర శాతం. ఏరి పారేసినవాళ్లు ఈ బడి అంకెను దించలేదు. కాస్త పైకే లేపారు.

మే 17, శనివారం, ఉదయం 9
ఆయన కాగితాలన్నీ నంబర్ వన్ కవర్లో సర్ది పెట్టుకున్నారు. పాప జడ వేయించుకుంటూ అడిగింది.

"నాన్నా, నేను నిదానంగా చేస్తే అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారు?"

ఆయన కవరు తెరిచి కాగితాలు ఒక్కొక్కటే బయటికి తీశారు.

11:30
వీధి చివరి బడి రిజిస్టర్‌లో సంతకం ఆయనే చేశారు.

జూన్ 21
అక్క మాట్లాడటం లేదు. చేతికొచ్చిన సీటును కాలదన్నుకున్నామట. కావచ్చు. పాప ఇంకా మూడుసార్లు కూడుతోంది. పాప ముగించేదాకా టీచరు ఆగుతోందట. ఈ ఒక్కదానికి జాబితాలో గడి లేదు. అయినా రోజూ ఆ గడి కోసం వెతుకుతున్నాను.

మరుసటి మే 3
కొత్త జాబితా. మా బడి అరవై తొమ్మిది శాతం. పక్కింటావిడ ప్రింట్ చేత్తో పట్టుకుని వచ్చి, ఎర్ర పెన్ను ఉందా అంది.

లేదన్నాను.