మొహం బాగోలేని బండి

ద్రాక్షారామం చేపల మార్కెట్,
మంగళవారం మధ్యాహ్నం.

నా మరదలు హారతికి, నీ నాగదుర్గ వదిన రాసేది.

నాలుగు రోజులుగా ముసురు వదలడం లేదు. గాలి పడమటి నుంచి కొడుతోంది. బోట్లు సగం కూడా వేటకి వెళ్ళలేదు, అందుకని రేవులో సరుకు తక్కువ, పోటీ ఎక్కువ. తెల్లవారుజామున అత్త వేలం పాటలో ఒక తట్ట పండుగప్ప, రెండు తట్టలు జెల్లలు దక్కించుకుంది. వానకి జనం రారనుకున్నాను గాని పదకొండు గంటలకల్లా తట్టలు ఖాళీ అయ్యాయి. అరుగు కడిగేశాను. అత్త కిరాణా కొట్టుకి వెళ్ళింది. నేను తట్ట బోర్లించి దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. చేతి వాసన కాగితానికి అంటితే ఏమీ అనుకోకు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మనింట్లో ఫోన్ ఒక్కటే. నువ్వు చేసినప్పుడల్లా అత్త స్పీకరు పెట్టిస్తుంది. నేను విడిగా మాట్లాడితే ఎవరితో, ఏంటి అని అడుగుతుంది. నీకు చెప్పవలసింది ఆవిడ వినకూడనిది.

అబ్రహాము ఆటో అమ్మేస్తున్నాడు. కంటికి ఆపరేషన్ అయ్యాక చీకట్లో నడపలేకపోతున్నాడు. ఇన్నాళ్ళూ రేవు నుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం మమ్మల్నీ తట్టల్నీ తిప్పింది అతనొక్కడే. మిగతా ఆటోల వాళ్ళు చేపల తట్ట చూస్తే ఆపరు. నీళ్ళు కారతాయనీ, తర్వాత స్కూలు పిల్లలు ఎక్కరనీ వాళ్ళ బాధ. తప్పు పట్టడానికి లేదు. మనకి సొంత బండి ఉంటే తప్ప ఈ వ్యాపారం సాగదు. నాకు లైసెన్సు ఉంది. మీ అన్నయ్య రొయ్యల మేత డీలరు దగ్గర కారు నడిపే రోజుల్లో పట్టుబట్టి నేర్పించాడు, నీకు తెలుసు.

అబ్రహామే పోయిన గురువారం ఒక మారుతీ ఓమ్నీ చూపించాడు. రామచంద్రపురంలో షామియానాలు అద్దెకిచ్చే ఆయనది. తెల్లది. వెనక సీట్లు తీసేసి ఉన్నాయి, తట్టలు ఆరు పడతాయి. ఇంజను బాగానే ఉంది, నేను వీధి చివరిదాకా నడిపి చూశాను. వెనక తలుపు తీసి చూడమన్నాడు అబ్రహాము. చేతులకి చేపల తడి ఉందని నేను తీయలేదు, అతనే తీసి చూపించాడు.

అత్త గొడుగేసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాగోలేదు" అంది.

"ఏం బాగోలేదు లోవమ్మగారూ? ఇంజను చప్పుడు విన్నారు కదండీ?"

"ఇంజను గోల నాకెందుకు? మొహం బాగోలేదు."

"చేపలు మొయ్యడానికి మొహమెందుకండీ?"

"మొహాలు చూడనిదాన్నైతే నీ ఆటో కంటే మంచి ఆటో ఎప్పుడో ఎక్కేదాన్ని అబ్రహామూ."

అతను నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. "నువ్వు కొనుక్కో దుర్గా, నేను మాత్రం ఎక్కను" అని గొడుగు మూసేసింది. అత్త ఎక్కకపోతే నేను రేవుకి వెళ్ళి ప్రయోజనం లేదు. పాట పాడేది ఆవిడ. ఏ తట్ట ఎంతదాకా వెళ్ళాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో నాకు ఇప్పటికీ రాదు.

ఈ సంగతి మార్కెట్‌కి తెలిసిపోయింది. ఇక్కడ చేపల కంటే ఎక్కువగా కార్ల మీదే బేరాలు నడుస్తున్నాయి. నా పక్క అరుగు జ్ఞానమ్మ కియా తప్ప మిగతావన్నీ డబ్బాలే అంటుంది. ఐసు తెచ్చే సత్తియ్య, "మహీంద్రా వాళ్ళు లారీ చెయ్యబోయి మధ్యలో కారు చేసేస్తారు, టాటా కార్లు మనం ఏదో దొంగిలించినట్టు చూస్తాయి" అంటాడు. నేనూ ఊరుకోలేక, వేగనార్ చూస్తే ఇనప్పెట్టెకి చక్రాలు బిగించినట్టు ఉంటుందన్నాను. జ్ఞానమ్మ అల్లుడిది వేగనార్ అని నాకు గుర్తులేదు. "ఆ ఇనప్పెట్టెలోనే కదే నిన్ను పోయిన ఏడు కోటిపల్లి తీర్థానికి తీసుకెళ్ళింది? అప్పుడు నీ కళ్ళు ఎక్కడున్నాయి?" అని నిన్నటి నుంచి నాకు ఉప్పు కూడా ఇవ్వడం లేదు.

ఇక అసలు సంగతి. అత్త మొహం బాగోలేదని ఎందుకందో నాకు తెలుసు. మీ అన్నయ్యని కాకినాడ ఆసుపత్రి నుంచి ఆఖరిసారి ఇంటికి తీసుకొచ్చింది అలాంటి బండిలోనే. రంగు కూడా అదే. రెండేళ్ళయినా ఆవిడ ఆ మాట పైకి అనదు. నేను అడగలేను. అడిగితే ఇద్దరం ఇక ఏం మాట్లాడుకోవాలో తెలీదు. వేరే బండి చూద్దామంటే అబ్రహాముకి తెలిసిన చోట మాకు సరిపోయేది అదొక్కటే.

అందుకని ఒకటి అనుకున్నాను. మన వీధి చివర నుంచి పొద్దున్న రొయ్యల కంపెనీ బస్సు వెళ్తుంది. ఆడవాళ్ళని తలలు వలిచే పనికి తీసుకుంటున్నారు. సూపర్‌వైజర్‌కి పేరు ఇచ్చాను. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు. రెండు షిఫ్టులు, దూరం నుంచి వచ్చేవాళ్ళకి అక్కడే గదులు. నేను గదిలో ఉండిపోతానేమో. అత్త జ్ఞానమ్మతో కలిసి ఒక తట్ట అమ్ముకుంటే ఆవిడ ఒక్కదానికీ సరిపోతుంది. బండి గొడవ ఉండదు, ఆవిడ ఆ బండిని రోజూ చూడక్కర్లేదు. అత్తకి చెప్పకు. వెళ్ళే రోజు నేనే చెబుతాను.

వాన మళ్ళీ అందుకుంది. అత్త వస్తోంది, ఉంటాను.

నీ వదిన,
నాగదుర్గ


విశాఖపట్నం, నర్సుల హాస్టల్,
శనివారం.

వదినా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. వాసన నిజంగానే వచ్చింది. నా గదిలో ఉండే అమ్మాయి శాకాహారి, కిటికీ తీసేసింది.

ముందు కార్ల సంగతి. మీ మార్కెట్‌లో ఎవరికీ ఏమీ తెలీదు. మా ఆసుపత్రికి ఒక పెద్ద డాక్టరుగారు బీఎండబ్ల్యూలో వస్తారు. అందరూ దాని పక్కన నించుని ఫోటోలు దిగుతారు. నాకైతే అది ముక్కుపుటాలు పెద్దవి చేసుకుని మన మీద విసుక్కుంటున్నట్టు ఉంటుంది. అంత డబ్బు పెట్టి ఆ మొహం ఎవరు కొంటారో నాకు అర్థం కాదు. జ్ఞానమ్మకి చెప్పు, వేగనార్ నయం.

అమ్మ గురించి నువ్వు అనుకున్నది అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. నువ్వు అడగలేదు కదా. నేనైనా అడగలేదు. నీ పని సంగతి నేను అమ్మకి చెప్పను, కానీ అమ్మ అడిగితే అబద్ధం చెప్పను. ఒకటి మాత్రం ఆలోచించుకో. వెళ్ళే రోజు పొద్దున్న చెప్పి బస్సెక్కితే, సెలవుకి వచ్చినప్పుడు అమ్మ నీకు తలుపు తీస్తుందో లేదో నేను హామీ ఇవ్వలేను. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను, అమ్మ ఎవరినైనా వదులుకుంటుంది గాని దాచినవాళ్ళతో మాట్లాడదు.

ముందే చెప్పు వదినా.

హారతి


మన ఇల్లు,
ఆదివారం.

హారతీ, నీ ఉత్తరం అందింది. ఇది ఇంట్లోనే, అత్త ఎదురుగానే రాస్తున్నాను. ఎవరికే అంది, నీ కూతురికి అన్నాను. జీతంలో దాచుకోమని రాయమంది. రాశాను.

నువ్వన్నట్టు ముందే చెప్పాను. మొన్న బుధవారం రేవులో పాట ముగిశాక, ఇద్దరం తట్టల్లో ఐసు సర్దుతున్నాం. రొయ్యల కంపెనీకి పేరు ఇచ్చానన్నాను. అత్త చేతులు ఆపలేదు.

"ఎందుకే?" అంది.

"బండి లేకుండా ఎన్నాళ్ళు అత్తా?"

"బండి వద్దని ఎవరన్నారు? ఆ బండి వద్దన్నాను."

"అది ఎందుకు వద్దన్నావో నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

అత్త ఐసు గుప్పెడు తీసి పక్కన పెట్టి నా వైపు చూసింది. "వాణ్ణి తెచ్చిన బండి లాంటిదనా?" అంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి వినడం అదే మొదటిసారి.

ఔనన్నాను.

"వాడు ఏ బండిలో వచ్చాడో నాకు తెలీదు. ఎర్రదో నల్లదో, లారీయో కారో. తలుపు తీశారు, వాడి మొహం కనపడింది. ఇంకేం చూస్తాను?"

తర్వాత తట్టలోంచి ఒక పండుగప్పని తీసి, తలని అరచేత్తో మూసేసి నా ముందు పెట్టింది. "ఇది కొంటావా?" అంది.

తల తీసిన చేప మనం ఎప్పుడూ తట్టలో పెట్టం. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి ఎరుపు చూడాలి, కన్ను తేటగా ఉందో లేదో చూడాలి. తల లేదంటే పాడైపోయిన సంగతి దాచామనే అనుకుంటారు. కోసిచ్చేటప్పుడు కూడా తల వాళ్ళ ఎదురుగానే కొడతాం.

"కొనను" అన్నాను.

"ఆ బండికి ముక్కు లేదు. ఇంజను ఎక్కడుందంటే, నేను కూర్చునే సీటు కింద ఉందన్నాడు అబ్రహాము. తల కోసేసి పొట్టలో పెట్టినట్టుంది. దాంట్లోంచి చేపలు దించితే ఎవడు కొంటాడే?"

"బండిని చూసి చేపలు కొంటారా అత్తా?"

"నిన్నూ నన్నూ చూసి కొనడం లేదూ? నువ్వు మాసిన చీర కట్టుకున్న రోజు జ్ఞానమ్మ అరుగు దగ్గర జనం ఎక్కువుంటారు. చూసుకోలేదూ?"

నేను నవ్వాను. ఆవిడకి కోపం వచ్చింది. నిజంగానే ఆ బండి బాగోలేదనే అందిట, ఆ మాటకి ఇన్ని అర్థాలు తీస్తానని ఆవిడ అనుకోలేదట. తట్టల మీద గోనె కప్పాక, ఆవిడే మళ్ళీ అంది.

"వెనక తలుపు నువ్వు తీయలేదు. అబ్రహాము రెండుసార్లు తియ్యమన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను."

"చేతులు తడిగా ఉన్నాయి అత్తా."

"తడి చేతులతోనే స్టీరింగు పట్టుకున్నావు."

అది నిజమే హారతీ. ఆ రోజు కాకినాడ నుంచి ఇంటిదాకా ఆ బండిలో వెనక మీ అన్నయ్య పక్కన కూర్చుంది నేను. అత్త ఇంటి దగ్గరే ఉంది. నేను నీకు రాసినప్పుడు అది ఆవిడ బాధ అనే రాశాను. అబద్ధమని తెలిసి రాయలేదు. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలీదు.

"నీకు ముట్టుకోవాలని లేని బండి నాకు మాత్రం ఎందుకు?" అంది అత్త. ఆ మాట అక్కడితో వదిలేశాం.

మర్నాడు అమ్మకాలు అవ్వగానే రామచంద్రపురంలో పాత కార్లు అమ్మే చోటికి అబ్రహామును వెంటపెట్టుకుని వెళ్ళాం. అక్కడ అత్తని చూడవలసింది. ఒక్కో కారు ముందూ వంగి హెడ్‌లైటు మీద బొటనవేలితో రుద్దింది. కొన్నిటి అద్దం పసుపు పచ్చగా మసకేసింది. "కన్ను పోయింది, పదండి" అంది. బానెట్ ఎత్తమని, లోపల చూసి, "ఎరుపు లేదు గాని శుభ్రంగా ఉంది" అంది. అమ్మేవాడు ఆవిడ మెకానిక్కేమో అని అబ్రహామును అడిగాడు. "ఆవిడ చేపలావిడండి" అంటే, మరి ఏం చూస్తోందండీ అన్నాడు. "నాకూ తెలీదండి, అందుకే అడ్డు రావడం లేదు" అన్నాడు అబ్రహాము.

చివరికి ఎవరూ తల తిప్పి చూడని ఒక మహీంద్రా లోగన్ ముందు ఆగిపోయింది. బూడిద రంగు. పొడుగు ముక్కు, చదును వీపు, వెనక పెద్ద డిక్కీ. "ఇదిగో, ఇది చేప" అంది. ఏ చేప అని అడిగితే చెప్పలేదు. దాన్నే కొన్నాం.

నిజం చెప్పాలంటే అంత అందవిహీనమైన కారు నేను చూడలేదు. బీరువాని వెల్లకిలా పడుకోబెట్టి కిటికీలు కోసినట్టుంటుంది. సత్తియ్య చూసి, తను తిట్టే మహీంద్రా వాళ్ళే ఇది చేశారంటే నమ్మనన్నాడు, ఇందులో లారీ లేదు కారూ లేదు అన్నాడు. జ్ఞానమ్మ చుట్టూ తిరిగి, "ఇనప్పెట్టె అన్నావు కదే మా అల్లుడి బండిని, ఇప్పుడు నీకు దేవుడు శవ..." అని నాలుక కరుచుకుని, "చెక్కపెట్టె ఇచ్చాడు" అని మార్చుకుంది. కాసేపటికి ఉప్పు పొట్లం నా అరుగు మీద పెట్టి వెళ్ళింది.

కానీ డిక్కీలో నాలుగు తట్టలు పడుతున్నాయి. అడుగున రొయ్యల చెరువుకి వేసే నల్ల పట్టా పరిచాం, చుక్క కారదు. కూర్చునే చోటికి వాసన రాదు. డిక్కీ నేనే తీస్తున్నాను, నేనే వేస్తున్నాను. అత్త ముందు సీట్లో కాళ్ళు చాపుకుంటుంది. యానాం రోడ్డులో ఏ కారు ఎదురొచ్చినా దాని మొహం ఎలా ఉందో చెబుతుంది. నేను ఒప్పుకోను. ద్రాక్షారామం వచ్చేదాకా అదే గొడవ. మీ అన్నయ్య ఉంటే ఏ బండి నచ్చేదో అని నిన్న నేనే అడిగాను. "వాడికి బుల్లెట్ తప్ప ఏదీ బండి కాదు" అంది.

సూపర్‌వైజర్‌కి రానని చెప్పేశాను. నువ్వు దసరాకి వస్తే ఈ కారులోనే స్టేషన్‌కి వస్తాం. చూసి నవ్వకు, అత్త ముందు అసలు నవ్వకు.

ముసురు పోయింది. బోట్లన్నీ వెళ్తున్నాయి. ఈవేళ ఒకటో తారీఖు. కంపెనీ బస్సు ఆరుంపావుకి వీధి చివర ఆగి, ఇద్దరు ఆడపిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిందట. నేనూ అత్తా నాలుగున్నరకే రేవుకి వెళ్ళిపోయాం.

నీ వదిన,
నాగదుర్గ