అత్తగారి వైర్‌లెస్ సెట్టు

అల్లుడుగారికి,

అత్తగారు దీవించి, కాస్త కోపంగానే రాసేది. మీరు మన రేవు గదిలో బిగించిన వైర్‌లెస్ సెట్టు చెడిపోయింది. లాంచీల వాళ్ళను ఎంత పిలిచినా ఒక్కరూ పలకరు. పొగమంచులో ఏ లాంచీ దేన్ని గుద్దుతుందోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. మీ మామగారు పోయాక ఈ రేవు భారమంతా నామీదే ఉంది. పేరున్న రేడియో మెకానిక్కు మీరు, ఏదో ఒకటి చెయ్యండి.

మీ అత్తగారు

తా.క.: పెద్ద లాంచీ నడిపే సరంగు కూడా పలకడం లేదు. ఆయన ఎదురుగా ఉన్నా పలకడు కాబట్టి అది సెట్టు తప్పో, మనిషి తప్పో తెలియడం లేదు.

అత్తయ్యగారికి,

నమస్కారాలు. కంగారు పడకండి. లోపల మాట పంపే బోర్డు ఒకటి, అందుకునే బోర్డు ఒకటి ఉంటాయి. అందుకునేది మొరాయించినట్టుంది. కుడివైపు బోర్డు ఊడదీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ బిగించండి.

మీ అల్లుడు

తా.క.: ముందు కరెంటు ఆపండి.

అల్లుడుగారికి,

గది లోపలంతా వెతికాను. ఉన్నది ఒక్కటే బోర్డు, ‘టికెట్లు ఇక్కడే’ అన్నది. కరెంటు ఆపి, నిచ్చెన వేసుకుని దాన్ని ఊడదీసి తుడిచాను. సెట్టు పలకలేదు సరికదా, జనం టికెట్టు లేకుండా లాంచీ ఎక్కేస్తున్నారు.

మీ అత్తగారు

తా.క.: సెట్టు మీది ఎర్ర దీపం మాత్రం ఎప్పుడూ ముచ్చటగా వెలుగుతోంది. పైన వెచ్చగా ఉందని పిల్లి అక్కడే కాపురం పెట్టింది.

అత్తయ్యగారికి,

మీ తా.క. చదివాక అసలు సంగతి తెలిసింది. ఆ దీపం మైకు బటన్ నొక్కినప్పుడే వెలగాలి. మాట పంపే బోర్డు మీద టంకం జారి, విడిగా ఉండాల్సిన రెండు చోట్లు అతుక్కున్నట్టున్నాయి. అందుకే బటన్ నొక్కకపోయినా సెట్టు మాట పంపుతూనే ఉంది. పంపుతున్నంతసేపూ అది ఏమీ వినలేదు. వాళ్ళు పలకకపోవడం కాదు, మీకు వినపడలేదు. మీ గదిలో అన్న ప్రతి మాటా అన్ని లాంచీల్లోనూ మోగుతోంది. వెంటనే ఆపి, సెట్టు పెట్టెలో పెట్టి పంపండి.

మీ అల్లుడు

తా.క.: మీరు ఆ గదిలో ఒంటరిగానే ఉంటారు కదా. ఏమీ మాట్లాడి ఉండరు.

అల్లుడుగారికి,

ఉత్తరం చదవగానే సెట్టు ఆపేశాను. పిల్లితో మాట్లాడాను బాబూ. పొద్దస్తమానం మాట్లాడాను. చిన్న లాంచీ వాడి గురకను తిట్టాను. అంతటితో పోయిందా? సరంగు ఇస్త్రీ చొక్కా వేసుకొస్తే రేవుకే కళ వస్తుందన్నాను. ఆయన అడిగితే పెళ్ళికి కాదనలేననీ, అడిగే ధైర్యం ఆ మనిషికి ఈ జన్మకు రాదనీ అన్నాను. ఇక ఏ మొహం పెట్టుకుని గడప దాటను? సెట్టు పంపుతున్నాను. బాగు చెయ్యకపోయినా నేనేమీ అనుకోను.

మీ అత్తగారు

తా.క.: పిల్లికి ఇవేవీ పట్టలేదు. కొత్త చోటు వెతుక్కుంటోంది.

అల్లుడుగారికి,

మీరు బాగుచేసి పంపిన సెట్టు అందింది. తగిలించగానే సరంగు గొంతు వినపడింది. నేను తలుపు గడియ పెట్టి విన్నాను. “మీరు పిల్లితో అన్న రోజునుంచీ అడుగుతూనే ఉన్నాను. ఉలుకూ పలుకూ లేదు. ఇష్టం లేదేమో అనుకున్నాను. ఒక్కసారి చెప్పండి, ఇక విసిగించను” అన్నాడు.

రేవు రేవంతా ఆయన అడగడం విన్నదట. జవాబివ్వని గర్విష్ఠిని నేనేనట. బటన్ నొక్కి, సరే అన్నాను. అన్ని లాంచీలూ ఒక్కసారే హారన్ కొట్టాయి.

మీ అత్తగారు

తా.క.: అమ్మాయికి మీరే చెప్పండి. ముందు కూర్చోబెట్టి చెప్పండి.