పేరు పక్కన నక్షత్రం

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆఫీసులో నీ కంప్యూటర్ ముందు ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. ఉదయం చిత్తూరు ఆఫీసు నుంచి రమణమ్మ ట్రంకాల్ చేసింది. మీరిద్దరూ పోస్టుకార్డుల మీద కంప్యూటర్ చిట్కాలు రాసుకునేవారు కదా, ఆ రమణమ్మే.

"అన్నా, పొరపాటున ముప్పై పేర్లు చెరిపేసినాను. మేనేజరు సూస్తే నా పని అయిపోతాది. తిరిగి తెచ్చేదానికి అక్క ఏందో సెప్పింది గదా?"

నీ నోటుబుక్కు తీసి చదివి వినిపించాను. "డిలీట్ కొడితే పేరు పోదు, పక్కన నక్షత్రం పడుతుంది. రీకాల్ కొడితే మామూలవుతుంది. ప్యాక్ కొట్టామా, ఇక రాదు."

"వచ్చేసినాయన్నా! పోయి కూడా అక్కే నన్ను కాపాడింది సూడు."

ఫోన్ పెట్టేసి మన సిబ్బంది జాబితా తెరిచాను. మేనేజరు తీసేయమన్నాడని పోయినవారమే నీ పేరు డిలీట్ కొట్టాను. పక్కన నక్షత్రం ఉంది.

రీకాల్ కొట్టాను. నక్షత్రం పోయింది. నీ పేరు అందరి పేర్లలాగే నిలిచింది. తెలియకుండానే తలుపు వైపు చూశాను.

"ఆ పేరు తీసేసినావా అప్పా?" అని లోపలి నుంచి మేనేజరు అడిగాడు.

మళ్లీ డిలీట్ కొట్టి, "తీసేసినాను సార్" అన్నాను.

ప్యాక్ కొట్టలేదు.